డానీ బాలింట్‌కి మూలం డాన్ బరోసేనా? బరోస్ స్కిన్‌హెడ్ కాదు కదా!

శ్రీవల్లి_కె:
హెన్రీ బీన్ తీసిన ‘ది బిలీవర్’ (2001) గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట. ర్యాన్ గాస్లింగ్ వేసిన డానీ, అంటే యూదుడిగా పుట్టి నాజీ అయిన స్కిన్‌హెడ్ (గుండు, బరువైన బూట్ల ముఠా కుర్రాడు), నిజంగా బతికిన డాన్ బరోసేనని. నేను ఒప్పుకోను. బరోస్ 1965లోనే పోయాడు. స్కిన్‌హెడ్ వేషం లండన్ తూర్పు పేటల్లో పుట్టిందే 1960ల చివర్లో. లేని వేషానికి అతను మూలం ఎలా అవుతాడు?

పాతరీలు:
తేదీలు మీరన్నట్టే. కానీ మూలం అంటే బట్టలేనా? బరోస్ న్యూయార్క్ క్వీన్స్‌లో పెరిగిన యూదు కుర్రాడు. బార్ మిట్స్‌వా, అంటే మన ఒడుగు లాంటి తంతు, జరిగినవాడు. ముందు జార్జ్ లింకన్ రాక్‌వెల్ నడిపిన అమెరికా నాజీ పార్టీలో చేరాడు, తర్వాత క్లాన్‌కి, అంటే నల్లవాళ్లనీ యూదులనీ ద్వేషించే కు క్లక్స్ క్లాన్ ముఠాకి, న్యూయార్క్ నాయకుడయ్యాడు. న్యూయార్క్ టైమ్స్ విలేఖరి మెకాండ్లిష్ ఫిలిప్స్ అతని తల్లిదండ్రుల పెళ్లి రికార్డు వెతికి తీశాడు, పెళ్లి యూదు పద్ధతిలో జరిగిందని అందులో ఉంది. అది ముఖం మీదే అడిగితే, రాశావంటే చంపుతానన్నాడు బరోస్. 1965 అక్టోబర్ 31న వార్త వచ్చింది. ఆ రోజే పెన్సిల్వేనియాలోని రెడింగ్‌లో, తోటి క్లాన్ నాయకుడి ఇంట్లో కాల్చుకుని చనిపోయాడు. 28 ఏళ్లు.

ఇప్పుడు సినిమాలో విలేఖరితో డానీ సీను చూడండి. అదే పత్రిక, అదే ప్రశ్న. డానీ పిస్టల్ తీస్తాడు, కానీ రాస్తే తనే చస్తానంటాడు. బరోస్ నోటి బెదిరింపునీ, చివరికి చేసిన పనినీ బీన్ ఒకే మాటలో కలిపేశాడు. ఇది యాదృచ్ఛికం అంటే నమ్మను.

మురళి_గుం:
ఇద్దరూ చెరో సగం పట్టుకున్నారు. మొదటి సీనే తీసుకోండి: సబ్‌వేలో కళ్లజోడు యూదు విద్యార్థి, డానీ బూటుతో అతని కాలు తొక్కుతాడు, వెంటపడి వీధిలో కొడతాడు. ఈ వీధి హింస, గుండు, బూట్లు 1980ల నాటి అమెరికా స్కిన్‌హెడ్ ముఠాలవి, క్లాన్‌వి కావు.

నన్ను బాధపెట్టేది ఇంకోటి. మొదటి స్కిన్‌హెడ్లు జమైకా కుర్రాళ్ల స్కా, రెగే పాటలకి ఆడినవాళ్లు. 1970ల చివర్లో నేషనల్ ఫ్రంట్ అనే బ్రిటన్ జాతివాద పార్టీ వాళ్లలో దూరింది. అదే న్యూయార్క్‌లో 1980ల చివర ‘షార్ప్’ పేరుతో జాతి ద్వేషానికి ఎదురు నిలిచిన స్కిన్‌హెడ్లూ ఉన్నారు, వాళ్ల గుర్తు, ఆ జమైకా పాటలు వేసిన ట్రోజన్ రికార్డ్స్ కంపెనీ శిరస్త్రాణం. క్లాన్ వాడి కథకి ఈ బట్టలు తొడిగితే చూసేవాడికి గుండు అంటే నాజీ అనే మిగులుతుంది.

శ్రీవల్లి_కె:
మురళి గారి మాటతో ఏకీభవిస్తాను. మరి తోరా, అంటే చుట్టగా రాసిన యూదుల పవిత్ర గ్రంథం, సంగతి? ధ్వంసం చేసిన ప్రార్థనాలయం నుంచి డానీ ఆ చుట్టని ఇంటికి తెచ్చి, చిరిగిన చోట అతికిస్తాడు. అబ్రహాము కొడుకుని బలివ్వబోయిన కథ మీద బడిలో గురువుతో వాదిస్తాడు. బరోస్ వార్తలో ఇవేవీ లేవు. సినిమా గుండెకాయ అంతా ఇక్కడే ఉంది, ఇది బీన్ సొంతం.

పాతరీలు:
ఒప్పుకుంటాను. అయితే నా లెక్క ఇది: బరోస్ లేకపోతే ఏ సీను కూలుతుంది? విలేఖరి సీను కూలుతుంది, దాంతో డానీ రహస్యం బయటపడే దారీ పోతుంది. గుండు తీసేసి మామూలు క్రాపు పెట్టినా ఒక్క సీనూ కూలదు. అందుకే టైటిల్‌లో ప్రశ్నకి నా జవాబు అవుననే.

మురళి_గుం:
సబ్‌వే సీను కూలుతుంది. క్రాపు పెట్టి చూడండి, ఆ కుర్రాడు రైలెక్కగానే ఎందుకు బెదురుతాడు?