షుగర్ ఉన్నవాళ్లలో కాలి పుండ్లు నిజంగా ఎంతమందికి వస్తాయి?

మద్దిలపాలెం_చిన్నోడు:
నాన్నకి 61, షుగర్ వచ్చి 14 ఏళ్లు. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తారు, 32 కిలోమీటర్లూ చెప్పుల్లేకుండానే. పోయినేడు బొటనవేలి కింద బొబ్బ లేచి చితికి పుండైంది, నొప్పే లేదన్నారు, మేమూ పోనీలే అనుకున్నాం గానీ మానడానికి రెండు నెలలు పట్టింది. ఈసారి అమ్మ వద్దంటే "షుగరున్నోళ్లందరికీ కాళ్లు పోతున్నాయా ఏంటి" అంటున్నారు. ఊరికే టెన్షన్ పడుతున్నామా?

డ్రెస్సింగ్_అక్క:
తమ్ముడూ, ప్రపంచం మొత్తం మీద చూస్తే షుగర్ ఉన్న వందమందిలో ఆరుగురికి ఇలాంటి పుండు ఉంటుందని అంచనా. వినడానికి తక్కువే. కానీ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చే అవకాశం 19 నుంచి 34 శాతం. ఒకసారి వచ్చి మానినవాళ్లలో వందకి 40 మందికి ఏడాదిలోపే మళ్లీ వస్తుంది, మీ నాన్నగారు ఇప్పుడు ఆ లెక్కలో ఉన్నారు. నొప్పి లేదన్నారు చూడు, నాకు భయం అక్కడే. నరాలు మొద్దుబారితే రాయి గుచ్చుకున్నా తెలీదు, పైగా కాలికి రక్తం సరిగా అందకపోతే చిన్న బొబ్బ కూడా మానదు. పుండు పడ్డ అందరికీ కాలు తీసేయరులే, కానీ షుగర్ వల్ల వేలో కాలో తీసేయాల్సి వచ్చినవాళ్లలో దాదాపు 85 శాతం మందికి ముందు పుండే పడుతుంది.

పాత_గాజువాక:
32 కిలోమీటర్లు నడిచే మనిషికి ఏమవుతుందండీ, అప్పన్న చూసుకుంటాడు.

బీచ్‌రోడ్_వాకర్:
నడవగలగడం వేరు, దెబ్బ తగిలితే తెలియడం వేరు గురూ. మా మావయ్యా బాగానే నడిచేవాడు, అరికాల్లో ఆనెకాయ ఉంటే బ్లేడుతో తనే చెక్కుకున్నాడు, వారానికి సాక్సుకి చీము అంటుకుంటే అప్పుడు చూశారు. చివరికి వేలు తీసేశారు.

డ్రెస్సింగ్_అక్క:
వైజాగ్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లోనో, మీరు చూపించుకునే డాక్టర్ దగ్గరో పాదాల పరీక్ష చేయించు. సన్న నైలాన్ తీగతో అరికాల్లో అక్కడక్కడా ఆనించి చూస్తారు, ఐదు నిమిషాల పని. రోజూ రాత్రి వేళ్ల సందులు మీరే చూడండి, ఆయన్ని నమ్మొద్దు.

మద్దిలపాలెం_చిన్నోడు:
ఇవాళ చేయించాం అక్కా. కళ్లు మూసుకోమని డాక్టర్ గారు ఐదారు చోట్ల తీగ ఆనించారు, నాన్న కాసేపాగి "ఇంకా మొదలెట్టలేదా" అన్నారు. అమ్మ బయటికి వెళ్లిపోయింది. ఎంసీఆర్ చెప్పులు (షుగర్ ఉన్నవాళ్ల కాళ్లకి ఇచ్చే మెత్తటి రబ్బరు చెప్పులు) రాశారు, అవి ఇంట్లో కూడా వేసుకోవాలా?

డ్రెస్సింగ్_అక్క:
ఇంట్లోనూ వేసుకోవాలి. వేసుకునే ముందు ప్రతిసారీ లోపల రాయీ రప్పా ఉందేమో చేత్తో తడిమి చూడమను.