క్యాట్6 నెట్‌వర్క్ కేబుల్ వేసినా స్పీడ్ 94 ఎంబీపీఎస్ దాటట్లేదు, మొత్తం పీకేసి క్యాట్8 వేయాలా?

మేడమీదగది:
జీ+2 ఇల్లు. కింద హాల్లో గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) నెట్‌వర్క్ స్విచ్ ఉంది. అక్కడి నుంచి ఒకే 25 ఎంఎం పీవీసీ పైపులో నాలుగు క్యాట్6 కేబుళ్లు పైకి పోతున్నాయి. అన్నీ పేరులేని ఒకే 305 మీటర్ల బాక్సులోవి. క్రింపింగ్ (చివర్లకి ప్లగ్గులు బిగించడం) ఎలక్ట్రీషియనే చేశాడు.

మొదటి అంతస్తు గదిలో, 22 మీటర్ల దూరంలో, లింక్ 100 దగ్గరే కూర్చుంది. స్పీడ్ టెస్టు 94 చూపిస్తోంది. లైట్ల టెస్టర్ పెడితే ఎనిమిదో లైటు ప్లగ్ కదిపినప్పుడు వెలిగి, వదిలేస్తే ఆరిపోతోంది.

రెండో అంతస్తులో, 38 మీటర్ల దగ్గర, ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతున్నాయి. లింక్ కూడా 1000 వస్తోంది. కానీ పెద్ద ఫైలు కాపీ చేస్తే ఆగి ఆగి నడుస్తోంది, సీఆర్‌సీ ఎర్రర్లు (డేటా పాడై చేరిన లెక్క) పెరుగుతూనే ఉన్నాయి. రెండు చివర్లా రంగుల వరస ఒకటే: తెలుపు-ఆరెంజ్, ఆరెంజ్, తెలుపు-ఆకుపచ్చ, ఆకుపచ్చ, తెలుపు-నీలం, నీలం, తెలుపు-బ్రౌన్, బ్రౌన్.

డాబా మీద కెమెరా 65 మీటర్లలో ఉంది. 12 వోల్టుల అడాప్టర్ నుంచి నీలం, బ్రౌన్ జతల మీదుగా దానికి కరెంటు వెళ్తోంది. పగలంతా బానే ఉంటుంది, చీకటి పడితే చాలు రీస్టార్ట్ మీద రీస్టార్ట్. కెమెరా మీద 9 వాట్లు అని రాసుంది.

రెండో అంతస్తు గదికి ముందుముందు 10జీ (10 గిగాబిట్ల స్పీడ్) కావాలి. క్యాట్7 గానీ క్యాట్8 గానీ వేసుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

క్రోన్‌టూల్:
మొదటి గది సంగతి తేలికే అండీ. 100 మెగాబిట్‌కి 1, 2, 3, 6 పిన్నులు చాలు. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. మీ 8వ పిన్ను బ్రౌన్ తీగలోకి సరిగా దిగలేదు, అందుకే స్విచ్ 100కి దిగిపోయింది. 100 లింకులో హెడర్లు (డేటాతో పాటు పోయే చిరునామా సమాచారం) పోగా చేతికొచ్చేది 94, కాబట్టి ఆ అంకె కనపడితే ప్రొవైడర్‌ని తిట్టకుండా ముందు ప్లగ్ చూడాలి. రెండు చివర్లూ కోసి మళ్లీ కొట్టండి. లోపల ఒంటి తీగ ఉండే కేబుల్‌కి సాలిడ్ ప్లగ్గే వాడాలి. పోగుల తీగ కోసం చేసిన ప్లగ్ వేస్తే ఇవాళ పనిచేసినా కొన్నాళ్లకి ఇలాగే వదులవుతుంది.

రెండో గదిలో అసలు తప్పు ఆ రంగుల వరసే. రెండు చివర్లా ఒకేలా ఉంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, సరిపోదు. 3, 6 పిన్నులు ఒకే జత మీద ఉండాలి. మీ దాంట్లో 3 మీద తెలుపు-ఆకుపచ్చ, 6 మీద నీలం పడ్డాయి. ఒకదానితో ఒకటి మెలితిరగని రెండు తీగల మీద ఒక సిగ్నల్ పోతోందన్నమాట. పక్క జత గోల రద్దవాలంటే ఆ మెలిక ఉండాల్సిందే. దీన్ని స్ప్లిట్ పెయిర్ అంటారు. లైట్ల టెస్టర్ 1 నుంచి 1కి, 2 నుంచి 2కి కలిసిందా అనేదే చూస్తుంది, అందుకే పాస్ చేసేసింది. సరైన బీ వరస (టీ568బీ ప్రమాణం) ఇదీ:

1 తెలుపు-ఆరెంజ్, 2 ఆరెంజ్, 3 తెలుపు-ఆకుపచ్చ, 4 నీలం, 5 తెలుపు-నీలం, 6 ఆకుపచ్చ, 7 తెలుపు-బ్రౌన్, 8 బ్రౌన్.

మెలిక విప్పడం 13 ఎంఎం దాటకూడదు. క్యాట్6 అయితే 6 దగ్గరే ఆపితే మంచిది.

ఓమ్‌మీటర్:
పై రెండూ కరెక్టే. కెమెరాది వేరే గొడవ. ముందు తీగ రాగిదో కాదో తేల్చండి. ఒక తీగని బ్లేడుతో గీకితే లోపల వెండిరంగు కనిపిస్తుందా? కనిపిస్తే అది రాగిపూత అల్యూమినియం. 65 మీటర్ల కేబుల్ రెండు చివర్లా విడదీసి, పైన నీలం జత రెండు కొనలూ కలిపి మెలేసి, కింద అదే జత మీద మల్టీమీటర్‌తో ఓమ్స్ చూడండి. ప్రమాణం ప్రకారం ఒక్కో తీగకి 100 మీటర్లకి 9.38 ఓమ్స్ మించకూడదు. పోనూ రానూ 130 మీటర్లకి 12.2 దాటితే అనుమానించాల్సిందే. మంచి 23 గేజి రాగి అయితే 9కి అటూ ఇటూ వస్తుంది.

మేడమీదగది:
15.6 వచ్చింది. గీకితే లోపల తెల్లగానే ఉంది. అంటే ఈ తీగ వల్లే కెమెరా ఆగిపోతోందా?

ఓమ్‌మీటర్:
సగం తీగ, సగం ఆ 12 వోల్టులు. ఒక్కో తీగ 7.8 ఓమ్స్. పోవడానికి రెండు, రావడానికి రెండు జంటగా ఉన్నాయి కాబట్టి మొత్తం దారి కూడా 7.8 ఓమ్స్. 12 వోల్టులతో ఆ దారి చివర అందగలిగే గరిష్ఠ పవర్: 12 × 12 ÷ (4 × 7.8) = 4.6 వాట్లు. పగలు కెమెరా తక్కువ లాగుతుంది కాబట్టి నెట్టుకొస్తోంది. రాత్రి ఐఆర్ లైట్లు (చీకట్లో చూడటానికి కెమెరాలో ఉండేవి) వెలగగానే 9 వాట్ల వైపు పోతుంది, ఓల్టేజీ కుప్పకూలుతుంది, రీస్టార్ట్.

అసలు రాగి వేసినా 12 వోల్టులతో 8 వాట్లు దాటవు, కాబట్టి కేబుల్ ఒక్కటే మారిస్తే డబ్బు దండగ. 802.3ఏఎఫ్ ప్రమాణం ఉన్న పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపే పద్ధతి) స్విచ్ గానీ, మామూలు స్విచ్ లైనుకి ఆ కరెంటు కలిపే ఇంజెక్టర్ గానీ పెట్టండి. 48 వోల్టుల దగ్గర 9 వాట్లంటే 0.19 ఆంపియర్లే, రాగి తీగలో ఒక వోల్టు కూడా పోదు. కెమెరాకి పీఓఈ లేకపోతే దాని పక్కన 48 నుంచి 12కి దించే స్ప్లిటర్ పెట్టొచ్చు. అల్యూమినియం తీగ మీద మాత్రం పీఓఈ వద్దు. తీగ వేడెక్కుతుంది, ప్లగ్ దగ్గర పెళుసుబారి తెగుతుంది.

పైపుకొలత:
10జీ గురించి. క్యాట్8 అనేది 2000 మెగాహెర్ట్జ్‌ది, 25, 40 గిగాబిట్ల కోసం. దాని మొత్తం చానల్ (ఈ చివర పరికరం నుంచి ఆ చివర పరికరం దాకా పొడవు), చివర్లలో తగిలించే ప్యాచ్ కార్డులతో కలిపి 30 మీటర్లే. డేటా సెంటర్లో ర్యాకుల మధ్య వేసుకునే సరుకు అది, మీ 38 మీటర్లకి ఏం లాభం? క్యాట్7ని అమెరికా కేబుల్ ప్రమాణాల సంస్థ టీఐఏ గుర్తించనే లేదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ దాన్ని ఆర్‌జే45తో (మామూలు నెట్‌వర్క్ ప్లగ్) కాకుండా వేరే కనెక్టర్లతో నిర్దేశించింది. ఆర్‌జే45 ప్లగ్గుతో అమ్మే క్యాట్7 కార్డు మీది అక్షరాలు అట్టపెట్టె అందం కోసమే.

10జీబేస్-టీకి (రాగి కేబుల్ మీద నడిచే 10జీ) 100 మీటర్లు కావాలంటే 500 మెగాహెర్ట్జ్ క్యాట్6ఏ. నికార్సైన రాగి క్యాట్6 మీద 37 మీటర్ల వరకూ సాధారణంగా ఢోకా ఉండదు. 55 వరకూ పక్క కేబుళ్ల క్రాస్‌టాక్‌ని (ఒకదాని సిగ్నల్ ఇంకోదాంట్లోకి దూరడం) బట్టి. మీది సరిగ్గా ఆ గీత మీద ఉంది, అందుకని ఆ ఒక్క గదికి క్యాట్6ఏ వేసేయండి. పైపు లోపలి వ్యాసం 21 ఎంఎం అనుకుంటే 346 చదరపు ఎంఎం. 7.5 ఎంఎం క్యాట్6ఏ ఒకటి, 6 ఎంఎం క్యాట్6 మూడు కలిపితే 129, అంటే 37 శాతం. పైపు నింపడానికి హద్దు 40 శాతం, ఆ లోపే కాబట్టి పడతాయి. నాలుగూ క్యాట్6ఏ అంటే ఆ పైపులో కుదరదు. గదుల్లో ప్లగ్గులు కాకుండా కీస్టోన్ జాక్‌లు (గోడ ప్లేటులో బిగించే నెట్‌వర్క్ సాకెట్లు) పెట్టించండి, సాలిడ్ తీగకి అదే నమ్మకం. 22 మీటర్ల గదిది డేటాకి మాత్రమే కాబట్టి ప్లగ్గులు మార్చి ప్రస్తుతానికి ఉంచేయొచ్చు.

డాబా మీద పోయే ముక్కకి ఎండకి తట్టుకునే నల్ల పీఈ (పాలిథిలిన్) తొడుగు ఉన్నది తీసుకోండి. ప్యాచ్ కార్డులు కాకుండా స్థిరంగా వేసే కేబుల్‌కి ఉన్న 90 మీటర్ల పరిమితి 20 డిగ్రీల లెక్క. షీల్డ్ లేని కేబుల్ 60 డిగ్రీలకి చేరితే అది 75 మీటర్లకి పడిపోతుంది. మీ 65కి ఇబ్బంది లేదు, కానీ పొడిగించాలనుకుంటే గుర్తుంచుకోండి.

పాత కేబుల్ ఊరికే పీకేయకండి. కొత్తదాన్ని దాని చివరకి టేపు చుట్టి కట్టి, దాంతోనే లాగండి. 11 కిలోల బరువుకి మించి లాగితే జతల మెలిక సాగిపోతుంది. మూల దగ్గర పట్టేస్తే బలం పెట్టకుండా జంక్షన్ బాక్స్ విప్పి అక్కడి నుంచి లాగించండి.