రైలు యాత్రలో కోపెన్‌హేగెన్‌కు ఎన్ని రాత్రులు కేటాయించాలి?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. మాది మచిలీపట్నం. నేనూ మా శ్రీమతీ జూన్ రెండో వారంలో యూరైల్ పాసుతో (యూరప్ దేశాల రైళ్లలో తిరగనిచ్చే టికెట్టు) ఆమ్‌స్టర్‌డామ్‌లో బయలుదేరి, హాంబర్గ్ మీదుగా కోపెన్‌హేగెన్, అక్కడి నుంచి స్టాక్‌హోమ్ చూసుకుని బెర్లిన్‌కు రావాలని అనుకుంటున్నాము. కోపెన్‌హేగెన్, స్టాక్‌హోమ్‌లు రెంటికీ కలిపి మాకు ఐదు రాత్రులే మిగులుతున్నాయి. హాంబర్గ్ నుంచి వెళ్లే రైలు ఓడలోకి ఎక్కి సముద్రం దాటుతుందని ఎప్పుడో చదివాను. అది చూడాలన్నది నా చిరకాల కోరిక. మా శ్రీమతికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. ఇద్దరమూ శాకాహారులము. రెండు నగరాలూ పెట్టుకోవచ్చునా, లేక ఒక్క కోపెన్‌హేగెన్‌తో సరిపెట్టుకోవడం మేలా?

మాల్మో వాసి:
మీ కోరిక విషయంలో నిరాశపరచక తప్పడం లేదండీ. జర్మనీలోని పుట్‌గార్డెన్, డెన్మార్క్‌లోని రోడ్‌బీ రేవుల మధ్య రైలును ఓడలో దాటించే పద్ధతి 2019 డిసెంబరుతో ముగిసింది. ఇప్పుడు ఆ రైళ్లు డెన్మార్క్‌లోని జూట్‌లాండ్ ద్వీపకల్పం మీదుగా చుట్టు తిరిగి, గ్రేట్ బెల్ట్ జలసంధి కింద 1997లో తెరిచిన సొరంగంలోంచి వస్తాయి; ప్రయాణానికి ఐదు గంటలు పడుతుందనుకోండి. పాత దారిలోనే సముద్రగర్భంలో 18 కిలోమీటర్ల సొరంగం కడుతున్నారు. రైలు ఓడ ఎక్కడమే చూడాలంటే మీరు మెస్సీనా జలసంధి దాటి సిసిలీకి వెళ్లే రైలు పట్టుకోవాలి.

దాని బదులు కోపెన్‌హేగెన్ నుంచి స్వీడన్‌లోని మా ఊరు మాల్మోకు ఒక పూట రండి. ఓరెసుండ్ జలసంధిని దాటే, 2000లో ప్రారంభమైన మార్గంలో రైలు విమానాశ్రయం దాటాక సుమారు నాలుగు కిలోమీటర్లు సొరంగంలో పోయి, మనుషులు కట్టిన ఒక చిన్న దీవి మీద పైకి తేలి, అక్కడి నుంచి దాదాపు ఎనిమిది కిలోమీటర్ల వంతెన ఎక్కుతుంది. రైలు పట్టాలు వంతెన కింది అంతస్తులో ఉంటాయి గనుక ఉక్కు దూలాల సందుల్లోంచే సముద్రం కనిపిస్తుంది. పాస్‌పోర్టులు దగ్గర ఉంచుకోండి. స్వీడన్ వైపు అడగవచ్చు. పాసు ఉన్నా స్టాక్‌హోమ్ వేగ రైళ్లకు సీటు రిజర్వేషన్ విడిగా చేయించుకోవాలి. వేసవిలో హాంబర్గ్ రైలుకు కూడా ముందే చేయించుకోవడం క్షేమం.

నిదాన ప్రయాణికుడు:
నా సలహా: ఐదు రాత్రులూ కోపెన్‌హేగెన్‌కే ఇవ్వండి. స్టాక్‌హోమ్‌కు వెళ్లడానికే ఐదు గంటలకు పైగా పడుతుంది. అక్కడి నుంచి బెర్లిన్ చేరడానికి మరో రోజు పోతుంది. ఈ వయసులో కిటికీ పక్కన కూర్చోవడం సుఖమే గానీ, పెట్టెలు మోయడం సుఖం కాదు.

మచిలీపట్నం వారు గనుక ఒక మాట. 1642లో పూర్తయిన గుండ్రటి గోపురం, అంటే రుండెటోర్న్, కట్టించిన డెన్మార్క్ రాజు క్రిస్టియన్ IV కాలంలోనే డెన్మార్క్ వారు 1620లో తమిళనాడులోని తరంగంబాడిలో స్థావరం ఏర్పరచుకున్నారు. ఆ దశాబ్దంలోనే మీ ఊళ్లోనూ వారి వర్తకశాల ఉండేది. ఆ గోపురంలో మెట్లకు బదులు ఇటుకలు పరచిన ఏటవాలు దారి ఏడున్నర చుట్లు తిరుగుతూ పైకి పోతుంది. చివర మాత్రం కొన్ని ఇరుకైన మెట్లు ఉన్నాయి. దిగేటప్పుడు ఏటవాలు కూడా మోకాళ్లకు భారమే, తొందరపడవద్దు. బంగారు రంగు శిఖరం చుట్టూ బయటి నుంచి మెట్లు తిరిగే వోర్ ఫ్రెల్సర్స్ చర్చిని కింది నుంచే చూడండి. దానికి 400 మెట్లు. రేవులో తిరిగే పడవ బస్సుకు మామూలు బస్సు టికెట్టే చెల్లుతుంది, కాబట్టి యాత్రికుల పడవకు వేరే డబ్బు పెట్టనక్కరలేదు. మత్స్యకన్య విగ్రహం 1.25 మీటర్ల ఎత్తే. దాని కోసం అంత దూరం నడిచి నేను మాత్రం ఉసూరుమన్నాను.

వంటగది ఉన్న బస తీసుకోండి. పచ్చళ్లు, పొడులు తెచ్చుకోవచ్చు గానీ, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. నెయ్యి, పాలకోవా ఇంట్లోనే వదిలి రండి.

పటాల పిచ్చి:
పై సలహాతో నేను ఏకీభవించను. 1628లో తొలి ప్రయాణంలోనే రేవు దాటకుండా మునిగి, 1961లో పైకి తీసిన వాసా యుద్ధనౌక స్టాక్‌హోమ్‌లో ఉంది. ఓడల మీద ఇంత మక్కువ ఉన్నవారు అక్కడిదాకా వచ్చి దానిని చూడకపోతే ఎలా? ఆ మ్యూజియంలో లిఫ్టులు ఉన్నాయి. మూడు రాత్రులు స్టాక్‌హోమ్‌లో, రెండు కోపెన్‌హేగెన్‌లో పెట్టుకోండి. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి ఒక్కో రోజూ రోజున్నరలా సాగుతుంది.

కృష్ణాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. వాసా మాట విని మనసు లాగింది గానీ, పెట్టెల మాట విన్నాక మా శ్రీమతి తీర్పు చెప్పేసింది: ఐదు రాత్రులూ కోపెన్‌హేగెన్‌లోనే, మధ్యలో ఒక రోజు మాల్మో. నెయ్యి లేకుండా కందిపొడి ఎలా తినాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. అక్కడి దుకాణాల్లో వెన్న కొని కాచుకోవచ్చునా?