మూతబడ్డ బీచ్ రిసార్టులోకి వెళ్లి ఫొటోలు తీస్తే తప్పా?

ఓరుగల్లు బాటసారి:
పోయిన నెల నేను, ఇద్దరు దోస్తులు వరంగల్లో రైలెక్కి బాపట్ల పోయాం. సూర్యలంక చూసి, బండ్లు కిరాయికి తీసుకుని తీరం వెంట పోతుంటే సరుగుడు తోటల వెనక మూతబడ్డ రిసార్టు ఒకటి కనబడింది. పేరు చెప్పను. గేటుకు తాళముంది గాని పక్కన ప్రహరీ కూలిపోయింది, అట్నుంచి లోపలికి వెళ్లాం. స్విమ్మింగ్ పూల్లో మోకాలి లోతు వాననీళ్లు, పిల్లల జారుడుబండ సగం అందులోకే ఒరిగి ఉంది. రిసెప్షన్ వెనక చెక్కబోర్డుకు రూముల తాళంచెవులు ఇంకా వేలాడుతున్నాయి, ఒక్కోదానికి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల, ఉప్పుగాలికి పచ్చగా చిలుమెక్కింది. మూడు గంటలు తిరిగాం, ఒక్క అద్దం కూడా పగలగొట్టలేదు. ఇక్కడ పెట్టిన ఫొటోలే చూసి మా బావ "దొంగల్లా దూరిండ్రు" అని తిట్టాడు. తప్పేంటో మీరే చెప్పండి.

కాజీపేట సైటింజనీర్:
తప్పొప్పులు తర్వాత తమ్ముడూ, ముందు నువ్వు నిలబడ్డ స్లాబు సంగతి చూడు. సముద్రగాలిలోని ఉప్పు కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుప కడ్డీని తింటుంది, తుప్పు పట్టిన కడ్డీ ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు కింది కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. పైన టైల్స్ మాత్రం నిన్న వేసినట్టే ఉంటాయి. బాల్కనీలైతే మరీ ఘోరం, వాటికి పట్టు ఒక్కవైపే, పైకడ్డీ పోయిందంటే చెప్పకుండా కూలతాయి. నీ రెండో ఫొటోలో సీలింగ్ మీద గోధుమరంగు గీతలు వరసగా ఉన్నాయి కదా, అవి వాన మరకలు కావు, కడ్డీలు ఎక్కడెక్కడున్నాయో చూపిస్తున్నాయి. హన్మకొండలో పదేళ్లు ఖాళీగా పడున్న ఇంటికీ దీనికీ పోలికే లేదు.

కోర్టు గేటు దగ్గర:
చట్టం మాటకొస్తే, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 329 ప్రకారం ఊరికే లోపలికి అడుగుపెడితే నేరం కాదు, నేరం చేయాలనో, ఆ స్థలం చేతిలో ఉన్నవాళ్లను బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశం ఉండాలి. అట్లని సంబరపడకండి, ఉద్దేశం లేదని స్టేషన్లో కూర్చుని చెప్పుకోవాల్సింది మీరే.

మిల్లు కాలనీ మనవడు:
నేను మాత్రం బాటసారి వైపే. మా తాత వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేశాడు. 1934లో పెట్టిన మిల్లు చివరికి మూతబడింది, తర్వాత కూల్చి ప్లాట్లు చేశారు. మూతబడ్డాక లోపలికి దూరి ఫొటో తీసినవాడు మా ఇంట్లో ఒక్కడూ లేడు, తాత నిలబడిన మగ్గం ఏ మూల ఉండేదో నాకిప్పటికీ తెలియదు. పర్మిషన్ అడిగితే ఎవరిస్తారన్నా?

నర్సంపేట అక్క:
మిల్లు మీద మీకు హక్కుంది, తాత చెమట ఉంది. ఎవరిదో రిసార్టు మీద ఏముంది? సైప్రస్‌లో వరోషా అని సముద్రం ఒడ్డున హోటళ్ల ఊరుంది. 1974లో టర్కీ సైన్యం వస్తే జనం కట్టుబట్టలతో పారిపోయారు, ఆ ఊరికి కంచె వేశారు. 2020లో కొంత భాగం తెరిచారు, అదీ రోడ్ల మీద తిరగడానికే, భవనాల్లోకి రానివ్వలేదు. ఆ ఇళ్లవాళ్లు మాది మాకివ్వండని ఇప్పటికీ కొట్లాడుతున్నారు. ఖాళీగా ఉందంటే ఎవరిదీ కాదని కాదు తమ్మీ. పైగా అక్కడ వాచ్‌మన్ ఉండే ఉంటాడు, మీరు పడి కాలు విరగ్గొట్టుకుంటే ముందు పోయేది ఆయన నౌకరీ.

ఓరుగల్లు బాటసారి:
వాచ్‌మన్ ఉన్నాడక్కా. వచ్చేటప్పుడు కనబడ్డాడు, ముసలాయన, ఏమీ అనలేదు, "పాములుంటయి, పూల్ దిక్కు పోకండి" అన్నాడంతే.

కాజీపేట సైటింజనీర్:
సరే గాని, నీ ఆఖరి ఫొటోలో 14 నంబరు ఇత్తడి బిళ్ల ఉంది కదా, దాని కింద ఉన్నది తెలుగు పేపరు వరంగల్ జిల్లా ఎడిషన్. రిసెప్షన్లోకి ఎట్లొచ్చింది?

నర్సంపేట అక్క:
తమ్మీ?

ఓరుగల్లు బాటసారి:
...ఒక్కటే తెచ్చిన అక్కా. గుర్తుగా ఉంటుందని. పోస్టులో పంపుదామంటే అడ్రసు ఎవరి పేరు మీద రాయాలో తెలుస్తలేదు.