ఫ్లాట్ల వాళ్లందరికీ ఒకేసారి మెయిల్ పంపడం ఎలా?

కూకట్‌పల్లి కార్యదర్శి:
ఈ ఏడాది మా అపార్ట్‌మెంట్ సంఘానికి నన్ను కార్యదర్శిని చేశారు. మెయింటెనెన్స్ లెక్కలు అందరికీ మెయిల్ చేయాలి. పాత కార్యదర్శిగారు అడ్రసులన్నీ ‘టూ’లోనే పెట్టేవారు. ఒకాయన లిఫ్ట్ ఖర్చు మీద ‘రిప్లై ఆల్’ కొడితే, ఇక వరసగా ‘ఓకే’లు, ‘నోటెడ్’లు, దండం బొమ్మలు! అమెరికాలో ఉన్న ఓనర్లకు అర్ధరాత్రి ఫోన్లు మోగుతూనే ఉన్నాయట. దీనికో పద్ధతి చెప్పండి.

పద్మజ:
‘టూ’లో మీ అడ్రసే పెట్టుకుని, మిగతావన్నీ ‘బీసీసీ’ (Bcc) అనే గడిలో వేయండి. ఒకరి అడ్రసు ఒకరికి కనబడదు. ఎవరైనా రిప్లై ఆల్ కొట్టినా మీ ఒక్కరికే వస్తుంది. మా ఆఫీసులో సర్క్యులర్లు పంపేది నేనే, ఇదే చేస్తాను. సబ్జెక్ట్‌లో ‘ముఖ్యం’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ‘జూన్ మెయింటెనెన్స్: 10వ తేదీలోగా కట్టాలి’ అనండి. బాకీదారుల పేర్లు మాత్రం అందులో వేయకండి, వాళ్లకు విడిగా రాయండి. నలుగురిలో పరువు తీస్తే డబ్బు రాదు, గొడవ వస్తుంది.

రవి:
జీమెయిల్ సెట్టింగ్స్‌లో ‘అన్‌డూ సెండ్’ 30 సెకన్లు పెట్టుకోండి, పొరపాటున పంపినా ఆలోపు ఆపేయొచ్చు. ఫైల్ 25 ఎంబీ దాటితే గూగుల్ డ్రైవ్ లింక్‌గా వెళ్తుంది. అందరికీ తెరుచుకునేలా పర్మిషన్ ఇచ్చారో లేదో చూసుకోండి.

కూకట్‌పల్లి కార్యదర్శి:
పద్మజగారూ, బీసీసీలో పెడితే పెద్దవాళ్లు ‘నా పేరే లేదే’ అని అలగరూ?

పద్మజ:
‘ఫ్లాట్ యజమానులందరికీ నమస్కారం’ అని మొదలుపెట్టండి. కింద మీ ఫోన్ నంబరివ్వండి. అలిగినవాళ్లు నేరుగా మీకే చేస్తారు.