సెల్లార్ మీది గది నేల చల్లగా ఉంటే ఇన్సులేషన్ పైనుంచా, కిందనుంచా?

కొత్తనేల: హీటింగ్ లేని సెల్లార్ మీద మా హాలు ఉంది. కాంక్రీట్ స్లాబ్, దాని మీద పాత కార్పెట్. చలికాలంలో గది వెచ్చగానే ఉంటుంది, నేల మీద మాత్రం కాలు పెట్టలేం. ఇప్పుడు కార్పెట్ తీసి లామినేట్ వేయిస్తున్నాం. దాని కిందే ఇన్సులేషన్ పరిచేద్దాం అని మేస్త్రీ అంటున్నాడు. సెల్లార్ కప్పుకి కొట్టించమని మా బావ పట్టు. ఎవరి మాట వినాలి?

పైవైపు: మేస్త్రీ మాట వినండి. నేల తెరిచే అవకాశం మళ్లీ ఎప్పుడో గానీ రాదు. 20 మి.మీ. ఎక్స్‌పీఎస్ (గట్టి ఫోమ్) షీట్లు పరిస్తే చాలు, హీటర్ వేసిన కాసేపటికే గది వేడెక్కుతుంది. స్లాబంతా వేడెక్కేదాకా ఆగక్కర్లేదు. కప్పుకి కొట్టించాలంటే పైపులు, వైర్లు, లైట్లు అన్నీ కదపాలి.

చెమ్మలెక్క: నేను బావగారి పక్షం. లెక్క చూడండి. గదిలో 20 డిగ్రీలు, సెల్లార్‌లో 8 డిగ్రీలు, హాలు 20 చదరపు మీటర్లు అనుకుందాం. 15 సెం.మీ. స్లాబ్ ఒక్కటే ఉంటే దాదాపు 570 వాట్లు కిందికి పోతాయి. పైన 20 మి.మీ. ఎక్స్‌పీఎస్ వేస్తే 240కి దిగుతుంది. కింద 100 మి.మీ. రాక్‌వూల్ (రాతి నారతో చేసిన, మండని ఇన్సులేషన్) కొట్టిస్తే 75 దగ్గర ఆగుతుంది. నేల పైభాగం ఉత్త స్లాబ్ అయితే 15 డిగ్రీలు, ఎక్స్‌పీఎస్‌తో 18, రాక్‌వూల్‌తో 19 దాటుతుంది.

నాకు అసలు భయం చెమ్మ గురించి. పైన షీటు వేస్తే గది వేడి స్లాబ్‌కి అందదు. లెక్క ప్రకారం షీటు కింద స్లాబ్ పైభాగం 11 డిగ్రీల దగ్గర ఉంటుంది. గదిలో గాలి తేమ 60 శాతం ఉంటే 12 డిగ్రీలకే నీరు కడుతుంది. షీట్ల సందుల్లోంచి ఆ గాలి దిగిందంటే బూజు లామినేట్ అడుగున పడుతుంది, వాసన వచ్చేదాకా మీకు తెలియదు. కింద కొట్టిస్తే స్లాబ్ వెచ్చగానే ఉంటుంది, ఈ బాధే లేదు.

పైవైపు: సందులకు టేప్ వేసి, గోడ అంచుల్లో కూడా గాలి దిగకుండా మూస్తే ఆ ఇబ్బంది రాదు. పైగా కాలికి తెలిసేది ఉష్ణోగ్రత ఒక్కటే కాదు. ఒకే డిగ్రీల్లో ఉన్నా కాంక్రీట్ కాలి వేడిని లాగేస్తుంది, ఫోమ్ లాగదు.

చెమ్మలెక్క: కాలి సంగతి నిజమే, ఒప్పుకుంటాను. దానికి లామినేట్ కింద వేసే 5 మి.మీ. అండర్‌లే సరిపోతుంది. 20 మి.మీ. లేపితే తలుపులు కోయాలి, గడప దగ్గర ఎత్తు తేడా వస్తుంది, మెట్లలో ఒకటి మిగతావాటికంటే పొట్టిదో పొడుగుదో అవుతుంది. చీకట్లో కాలు తడబడేది అక్కడే.

దూలం: ఒక మాట. ఇదంతా కాంక్రీట్ స్లాబ్‌కే. మాది చెక్క దూలాల నేల. దూలాల మధ్య గ్లాస్‌వూల్ నింపి, అడుగున పాలిథిన్ షీట్ బిగించబోయారు, నేను ఆపించాను. పైనుంచి దిగిన ఆవిరి ఆ చల్లటి షీటుకు తగిలి నీరై చెక్కలోకి పోతుంది. గోడలో దూరిన దూలం చివరలే ముందు కుళ్లుతాయి. ఆవిరిని ఆపే షీట్ ఎప్పుడూ వెచ్చటి వైపే ఉండాలి.

చెమ్మలెక్క: సరిగ్గా చెప్పారు. కొత్తనేల గారూ, ఇంకో రెండు. ఇన్సులేషన్‌ని కప్పుతో ఆపకుండా గోడల మీద కూడా ఒక అడుగు కిందికి దించండి, లేకపోతే గోడ వెంబడి నేల చల్లగానే ఉంటుంది. పని అయ్యాక సెల్లార్ ఇంకా చల్లబడుతుంది. బయట గడ్డకట్టే చలి పడే చోటైతే అక్కడి నీళ్ల పైపులకు తొడుగులు వేయించండి.

కొత్తనేల: అందరికీ థాంక్స్. కిందే చేయిస్తాను. కానీ సెల్లార్ ఎత్తు 190 సెం.మీ. మాత్రమే. 10 పోతే తల తగులుతుంది.

చెమ్మలెక్క: 60 మి.మీ. పాలీయురేథేన్ బోర్డు పెట్టించండి, దాదాపు 100 మి.మీ. రాక్‌వూల్‌తో సమానం. అది మండే సరుకు కాబట్టి కింద జిప్సం బోర్డు తప్పనిసరి. బాయిలర్ ఉన్న మూలలో మాత్రం తల తగిలినా సరే, రాక్‌వూలే వేయించండి.