ధమని రోడ్డు అనొచ్చా?

కావలి నుంచి ఒక ప్రశ్న:
పట్టణ ప్రణాళిక మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. అందులో ‘ఆర్టీరియల్ రోడ్డు’ అని, అంటే ఊళ్ళో ప్రధాన రాకపోకలు సాగే పెద్ద రోడ్డు అని, మాటిమాటికీ వస్తోంది. ఆర్టరీకి నిఘంటువులో ధమని అని ఉంది కాబట్టి ‘ధమని రోడ్డు’ అని రాద్దామనుకుంటే, మా ఆఫీసులో ఒక పెద్దాయన ‘జీవనాడి’ అనమంటున్నారు. ఏది రాయమంటారు?

జవాబు:
ధమని రోడ్డు వద్దండీ. అది చదివినవాళ్ళకి రోడ్డు కంటే ముందు బడిలో చదువుకున్న సైన్సు పాఠం గుర్తొస్తుంది.

మాట మాత్రం చాలా పాతది. ‘ధ్మా’ అంటే ఊదడం. గీత మొదటి అధ్యాయంలో ‘శంఖం దధ్మౌ ప్రతాపవాన్’ అని చదువుతాం కదా, ఆ దధ్మౌలో ఉన్నది ఈ ధాతువే. చరకసంహిత ‘ధ్మానాద్ధమన్యః, స్రవణాత్ స్రోతాంసి, సరణాత్ సిరాః’ అంటుంది. ఊదినట్టు ఉబ్బి కొట్టుకుంటుంది కనుక ధమని, స్రవిస్తుంది కనుక స్రోతస్సు, సాగిపోతుంది కనుక సిర. సుశ్రుతుడు 24 ధమనులు చెప్పి, అవి బొడ్డు దగ్గర పుడతాయన్నాడు. అంటే ఇప్పుడు మనం వాడే ధమని సరిగ్గా ఆ ధమని కాదు. పాత పేరుకి కొత్త అర్థం బిగించారు. గ్రీకుల ‘ఆర్తీరియా’ కథా ఇలాంటిదే. వాళ్ళు గాలిగొట్టాన్ని కూడా ఆ మాటతోనే పిలిచారు. చనిపోయినవాళ్ళ ధమనులు దాదాపు ఖాళీగా కనిపించేసరికి వాటిలో నడిచేది గాలే అనుకున్నారు. రెండో శతాబ్దంలో గాలెన్ అనే గ్రీకు వైద్యుడు వచ్చి, అందులో ఉండేది నెత్తురని చూపించాడు.

ఇప్పటి శాస్త్రంలో ధమనికి దిక్కు ముఖ్యం. గుండె నుంచి బయటికి వెళ్ళేది ధమని, గుండెకి తిరిగొచ్చేది సిర. ‘మంచి రక్తం ధమనిలో, చెడు రక్తం సిరలో’ అని బట్టీ పట్టించేవాళ్ళు పుపుస ధమని దగ్గర ఇరుక్కుపోతారు. అది గుండె నుంచి ఊపిరితిత్తులకి చెడు రక్తాన్నే తీసుకెళ్తుంది. ఇక రోడ్డు సంగతి చూడండి, రాకా దాని మీదే, పోకా దాని మీదే. లెక్కకి సగం ధమని, సగం సిర.

మన నోట్లో అసలు ఈ రెండు మాటలూ లేవు. ‘సూది వేద్దామంటే నరం దొరకలా’ అంటే అది సిర. ‘నరాల డాక్టరు’లో నరం పూర్తిగా వేరు. ‘నాడి చూశాడు’ అన్నప్పుడు వేళ్ళ కింద కొట్టుకునేది మణికట్టు దగ్గరి ధమని. ఆ రకంగా మీ పెద్దాయన చెప్పిన నాడే మనకి దగ్గర. కాకపోతే పెన్న జీవనాడి, సోమశిల జీవనాడి, రైలు జీవనాడి అని రాసీ రాసీ ఆ మాటని అరగదీశాం. ఉపన్యాసానికైతే సరే, ప్రణాళిక వ్యాసంలో పారిభాషిక పదంగా నిలబడదు.

నెల్లూరులోనైనా, మీ కావలిలోనైనా, ఒంగోలులోనైనా జనం అనేది ట్రంకు రోడ్డు. అది చెట్టు మాను నుంచి వచ్చిన పోలిక. అద్దంకి బ్రాంచి కాలువ, ఒంగోలు బ్రాంచి కాలువ అన్న పేర్లలో కొమ్మలూ ఉన్నాయి. ఆ రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్ళకి మాను కంటే ట్రంకు పెట్టే ముందు గుర్తుకొస్తుందనుకోండి, అది వేరే విషయం.

రహదారి అన్న మాటకీ వేరే గతం ఉంది. పారసీలో రాహ్‌దారీ అంటే దారి కాపలా, దారిసుంకం. బ్రౌణ్య నిఘంటువులో రహదారి అంటే ప్రయాణానికిచ్చే అనుమతి చీటీ. ఇప్పుడది రోడ్డే అయిపోయింది. సుంకం మాత్రం టోల్‌గేటు దగ్గర కడుతూనే ఉన్నాం.

నెల్లూరు నుంచి ఒకరు:
అన్నా, మరి బైపాసు సంగతేంది? గుండెకీ అదే మాట, ఊరికీ అదే మాట గదా. మనోళ్ళు ఎవరూ తికమక పడరే!

జవాబు:
క్రియ కాపాడుతుంది తమ్ముడూ. ‘ఆయనకి బైపాస్ అయింది’ అంటే ఆసుపత్రి. ‘ఊరికి బైపాస్ పడింది’ అంటే స్థలాల రేట్లు. ఇంకో తమాషా ఏమిటంటే, గుండె బైపాస్‌లో చాలాసార్లు కాలి నుంచి సిర తీసి ధమనికి అతుకుతారు. అప్పటినుంచి ఆ సిర ధమని పనే చేస్తుంది.

కావలి నుంచి మళ్ళీ:
సరే, ఇంతకీ నేనేం రాయాలి? ఆర్టీరియల్, సబ్ ఆర్టీరియల్, కలెక్టర్ స్ట్రీట్, లోకల్ స్ట్రీట్ అని నాలుగు తరగతులున్నాయి. అన్నిటికీ రహదారి అంటే కుదరదు.

జవాబు:
మొదటిదానికి ప్రధాన మార్గం, రెండోదానికి ఉప ప్రధాన మార్గం, చివరిదానికి వీధి అనండి. మీకు ధమని మీద అంత ఇష్టముంటే, వ్యాసం మొదట్లో ఒక్క వాక్యంలో పోలికగా చెప్పి వదిలేయండి. మూడోదానితోనే జాగ్రత్త. అది వీధుల్లోంచి వచ్చే బండ్లని పోగుచేసి పెద్ద రోడ్డుకి అందించేది. ‘కూడలి మార్గం’ అంటే నాలుగు రోడ్ల సెంటర్ అనుకుంటారు. ‘అనుసంధాన వీధి’ అనండి. ‘కలెక్టరు వీధి’ అని మాత్రం రాయకండి, కలెక్టరు గారి బంగళా ఎటు అని అడుగుతారు.